ఆరక్షరాల రంగు

మిట్టూరులో జిరాక్సు కొట్టు మీది మేడగది నాది.
కింద మిషన్ తిరిగినప్పుడల్లా
పైన నా కుర్చీ సన్నగా వణుకుతుంది.

దేశింగు నాయుడు మెట్లెక్కి వచ్చాడు.
చంకలో సంచి, సంచిలో పేపరు చుట్టిన దిమ్మ.
"మా బెల్లం మండీకి సైటు గావాల పాపా.
అది లేకపోతే మేం ఉన్నట్టే లెక్క గాదంట,
మా మనవరాలు చెప్తా ఉండాది."

థీములు చూపించాను.
ఒకటి తెల్లటిది, నడుమ ఒక్క మాట, చుట్టూ ఖాళీ.
నాకు ప్రాణం అది.
ఆయన కళ్లద్దాలు పైకి తోసి చాలాసేపు చూశాడు.
"ఇంత జాగా ఊరికే ఇడిచిపెట్నావే,
బాడుగ ఎవురు కడతారు?"

కంటికి ఊపిరాడాలి కదా, అన్నాను.
"మూటల సందులో ముప్పై ఏండ్లు నిలబడుండా.
నాకు ఊపిరాడకనే ఉండాదా?"

ఇంకొకటి పెళ్లిపందిరి.
పూలు రాలతాయి, అక్షరాలు ఎగిరొచ్చి కూర్చుంటాయి,
ఎక్కడ వేలు పెట్టినా ఏదో ఒకటి తెరుచుకుంటుంది.
కాసేపు ఆడుకున్నాడు పిల్లోడిలా.
"బాగుండాది. దీంట్లో బెల్లం యాడ?"
వెతికాం.
కింద, చాలా కింద,
కోట్లేసుకున్న నలుగురు తెల్లోళ్లు
చేతులు కలుపుకునే బొమ్మ కింద ఉంది.

చివరికి సాదాది ఒకటి కుదిరింది.
సరుకు, ధర, ఫోను, అంతే.
తవణంపల్లె బండ్లు ఎన్ని గంటలకు దిగుతాయో
అది కూడా రాయమన్నాడు.
ఎవరికోసమో చెప్పలేదు.

దిమ్మను ఫోటో తీసి పెట్టాను.
థీము తనంతట తనే వెలుగు పెంచింది.
కోసిన బేనీషా ముక్కలా
పచ్చగా నిగనిగలాడింది బెల్లం.
అబ్బ, అనుకున్నాను.

నాయుడు కుర్చీ వెనక్కి లాగాడు.
"ఇది మాది గాదు."
మీదే సార్, ఇప్పుడే కదా తీశాను.
"గాదంటా ఉండానే.
పాకంలో హైడ్రోసు గుప్పెడు పడితే
అప్పుడొస్తాది ఈ మెరుపు.
జనం రంగు జూసి ఎగబడి కొంటారు.
ఎయ్యనంటే గదా
మా అన్న నాకు భాగం పంచి పంపించేసింది."

కింద మిషన్ ఆగింది.
చర్చి వీధి బేకరీ రొట్టె,
కట్టమంచి దర్జీ బొమ్మకు కట్టిన పట్టులంగా,
ఐరాల నర్సరీలో వాడిన గులాబీ,
ఎన్నిటికి వెలుగు పెంచానో నేను.
అందరూ సంతోషంగా డబ్బులిచ్చారు.
మాది కాదన్నవాళ్లు లేరు.

దిమ్మను కిటికీలో పెట్టాను, మూడుగంటల ఎండలో.
నలుపు కాదు. కాఫీ కాదు.
తడిసిన చింతబెరడు? ఊహూఁ.
పిప్పి మంట పొగపట్టిన గానుగపాక గోడ...
దగ్గరికొచ్చింది.
మౌస్ పట్టుకుని ఎరుపు తగ్గిస్తున్నాను,
నీలం చిటికెడు కలుపుతున్నాను.
"ఇంగొంచెం కాగనీ" అంటాడు వెనకనుంచి,
పొయ్యికాడ మనిషికి చెప్పినట్టు.
"ఇంగొంచెం.
ఆఁ, చాలు. దించు."

దించాను.
మూడు అంకెలు, మూడు ఇంగ్లీషు అక్షరాలు,
ఆ రంగుకు కంప్యూటర్లో అదే పేరు.
చీటీ మీద రాసిమ్మన్నాడు.
ఆ రాత ఆయనకు రాదు,
అయినా నాలుగు మడతలు పెట్టి
మండీ తాళాల పక్కన జేబులో వేసుకున్నాడు.

పైనా కిందా ఆ రంగే పూశాను.
నడుమ తెల్లఖాళీ కొంచెం మిగుల్చుకున్నాను, నాకోసం.
దానికి మాత్రం బాడుగ కట్టనన్నాడు.
ఐదొందలు తగ్గించాను.

దిమ్మ బల్లమీదే మరిచిపోయాడు.
మరిచాడో, వదిలాడో.

రాత్రి పదకొండుకు సైటు ఎక్కించాను.
చూసినవాళ్లు: సున్నా.
మళ్లీ నొక్కాను. సున్నా.
నీళ్లు తాగొచ్చేసరికి
కీబోర్డు అంచున చీమల బారు,
దారి ఎవరు చెప్పారో.
ఊదబోయి
ఊపిరి ఆపుకున్నాను.